బాజు అంటే ఎటు?

మా యారాలి కుడి కన్ను ఇనుప క్లిప్పు తగిలి పోయింది. యారాలంటే తోటికోడలు, మా ఆయన అన్న భార్య. గిరగిర తిరిగే చక్రం మీదనుంచి ఊడిన ఆ క్లిప్పు స్పర్శరేఖ వెంట సూటిగా వచ్చి తగిలింది. మనిషి కన్ను పోయిన సంగతి చెబుతూ స్పర్శరేఖ అనే మాట వాడుతున్నందుకు నాకే సిగ్గుగా ఉంది. కానీ పద్దెనిమిదేళ్లుగా ఆ మాటతోనే నా తిండి గడుస్తోంది. కోరుట్లలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను.

ఏటా వృత్తాకార చలనం పాఠం వచ్చిన రోజున ఒక దారానికి కండె కట్టుకుని క్లాసుకు పోతాను. కండె అంటే మగ్గం నాడెలో పెట్టే, నూలు చుట్టిన చిన్న పుల్ల. సిరిసిల్లలో మా పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. దాన్ని తల మీద గిరగిర తిప్పుతూ అడుగుతాను. "దారం ఇప్పుడు తెగిందనుకోండ్రి. కండె ఎటు పోతది?" సగం క్లాసు చేతులు చాచి బయటికి చూపిస్తుంది. నిజం చెప్పాలంటే ఆ తప్పు జవాబు కోసమే నేను ఎదురుచూస్తూ ఉంటాను. "బయటికంటే ఎటు? మీ అమ్మమ్మగారింటికా?" అని వాళ్లను కాసేపు ఏడిపిస్తాను. తర్వాత చెబుతాను. కండెను బయటికి తోసేవాళ్లు ఎవరూ లేరు. దారం దాన్ని లోపలికి గుంజుతూ ఉంటుంది, అంతే. ఆ గుంజుడే అభికేంద్ర బలం. అది లేకపోతే కండె ఎప్పుడో సూటిగా పోయేది. దారం తెగిన క్షణాన అది ఎటు మొహం పెట్టి ఉందో అటే పోతుంది. జగిత్యాల బస్సు మూల తిరిగినప్పుడు మనల్ని ఎవరో కిటికీ వైపు తోసినట్టు అనిపిస్తుంది కదా. నిజానికి మనం సూటిగానే పోతున్నాం, తిరిగింది బస్సు.

ఇదంతా చెప్పి బోర్డు మీద ఒక సున్నా చుట్టి, దాని అంచును తాకుతూ ఒక గీత గీస్తాను. అదే స్పర్శరేఖ. ఇంత చెప్పినా పరీక్షలో కండెను మళ్లీ బయటికే పంపే మహానుభావులు ఉంటారు. వాళ్ల పేపర్లు దిద్దేటప్పుడు నా నోటికి హద్దుండదు.

ఈ పాఠం కంటే ముందే నాకు ఇంకో పాఠం వచ్చు. నేను పుట్టింది సాంచాల ఇంట్లో. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. నాన్న వాటి మీద పనిచేసేవాడు. నాడె మగ్గానికి ఈ కొస నుంచి ఆ కొసకు కంటికి ఆనకుండా పరుగెడుతుంది. ఎప్పుడో ఒకసారి దారి తప్పి కొస నుంచి బయటికి దూకుతుంది. దూకిందంటే ముందున్నది గోడా మనిషా అని చూడదు. నాన్న మోచేతి దగ్గర అది కొట్టిన గుంట ఉండేది. అన్నం గిన్నె తీసుకుని షెడ్డుకు పోయిన ప్రతిసారీ నాన్న ఒకటే మాట అనేవాడు.

"బాజుకు నిలవడకు బిడ్డా. ఎదురుంగ రా."

బాజు అంటే పక్క. మగ్గానికి ఎదురుగా, నేత కనిపించే చోట నిలబడితే ఏ భయమూ లేదు. ప్రమాదమంతా బాజుకే. ఆ మాట నా ఒంట్లోకి ఎంతగా ఎక్కిందంటే, ఇప్పటికీ పిండి గిర్నీకి పోయినా మిషనుకు ఎదురుగానే నిలబడతాను.

మా అత్తగారిది కథలాపూర్ దగ్గరి పల్లె. పసుపు పండిస్తారు. బావ, యారాలు పొలం చూసుకుంటారు, అత్తమ్మ వాళ్ల దగ్గరే ఉంటుంది. తవ్విన పసుపును ఉడకబెట్టి, ఎండబెట్టాక పాలిష్ పట్టాలి. దానికి ఊళ్ల వెంట తిరిగే డ్రమ్ములుంటాయి. ట్రాలీ మీద ఒక పెద్ద జాలీ డ్రమ్ము, ఇంకో కొసన డీజిల్ ఇంజను, రెంటి చక్రాలనూ కలుపుతూ ఒక పొడవాటి పట్టా. ఇంజను నడిస్తే పట్టా తిరుగుతుంది, పట్టాతో డ్రమ్ము తిరుగుతుంది, లోపల పసుపు కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని పొట్టు పోయి మెరుస్తాయి. ఆ పట్టా రెండు కొసలనూ కలిపేది ఇనుప క్లిప్పు.

మా ఇంటికి ఏటా కోరుట్ల నుంచి ఒక చాచా తన డ్రమ్ము తెస్తాడు. ఆయన ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు గానీ ఆయన తెలుగుకూ మా అత్తమ్మ తెలుగుకూ తేడా ఏమీ ఉండదు. ఆయన చాయిలో చక్కెర ఎంత వేయాలో అత్తమ్మకు అడగకుండానే తెలుసు.

ఈ ఎండాకాలం, పరీక్షలు అయిపోయాక, డ్రమ్ము వచ్చిన రోజున నేనూ అక్కడున్నాను. పనికి కాదు, పసుపు దుమ్ము నాకు పడదు. ఊరికే పోయాను. డ్రమ్ము తిరగడం చూడగానే నాలోని పంతులమ్మ లేచి కూర్చుంది. డ్రమ్ము చక్రం పెద్దది, నెమ్మదిగా తిరుగుతుంది. ఇంజను చక్రం చిన్నది, దాని ఆకులు కంటికి విడివిడిగా ఆననంత జోరుగా తిరుగుతుంది. రెంటి మీదా పోయేది ఒకే పట్టా. పిల్లలకు చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి? రెండు చక్రాలూ నిండుగా కనిపించే చోట నిలబడి ఫోనులో వీడియో మొదలుపెట్టాను.

యారాలు గంపతో కొమ్ములు తెచ్చి పోసింది. డ్రమ్ము నిండాక, గంప చంకన పెట్టుకుని ఇంజను కొసన ఆగి చెమట తుడుచుకుంది. ట్రాలీ మీదున్న ఇంజను ఆమె మొహమంత ఎత్తులో ఉంది. కొంచెం సేపటికి టప్పున చప్పుడైంది. తెగిన పట్టా ట్రాలీ రేకు మీద పడి కొట్టుకుంది.

యారాలు అరవలేదు. ఉన్నచోటే కూర్చుంది. కుడి చెయ్యి మొహం మీద పెట్టుకుంది. పసుపు అంటిన వేళ్ల సందుల్లోంచి నెత్తురు దిగింది.

"చెల్లే, ఏమైంది నాకు?" అని అడిగింది, చాయి అయిందా అని అడిగినంత మామూలుగా. ఫోను ఇంకా చేతిలోనే ఉంది, ఇంకా వీడియో తీస్తూనే ఉంది.

జగిత్యాలలో కంటి దవాఖానకు తీసుకుపోయాం. ఆపరేషన్ చేశారు. మూడో రోజున డాక్టరు బావను బయటికి పిలిచి, ఆ కంటికి చూపు రాదని చెప్పాడు. బావ నవ్వాడు. మాట అర్థం కాక వచ్చిన నవ్వది, ఎక్కడ ఆపాలో తెలియక కాసేపు అలాగే ఉంది మొహం మీద. తర్వాత గోడకు చెయ్యి ఆనించి ఏడ్చాడు. పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో ఆయన ఏడవడం నేను చూడలేదు.

చాచా మూడు రోజులూ దవాఖాన గేటు దగ్గరే ఉన్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మని కూడా అనలేదు. డాక్టరు మాట విన్నాక బావ నేరుగా ఆయన మీదికి పోయాడు.

"ఆడిమనిషి ఇంజను ముంగట నిలవడితే ఒక్క మాటన్న చెప్పొద్దా నువ్వు?"

"చెప్పిన భయ్యా. క్లిప్పన్నంక ఎప్పుడన్న ఊడ్తది. గందుకే సామ్నె నిలవడకుమని ఎవలికైన చెప్త. అమ్మకు గూడ చెప్పిన."

బావ నావైపు తిరిగాడు. "నువ్వు ఆడనే ఉన్నవ్ గదా. చెప్పిండా గీయన?"

"నేనైతె వినలే బావా," అన్నాను.

అబద్ధం చెబుతున్నానని నాకు తెలియదు. ఒట్టేసి చెప్పమన్నా చెప్పేదాన్ని. ఇంజను చప్పుడు, చక్రాలు, ఆ తర్వాత నెత్తురు, ఇంతే గుర్తుంది నాకు. చాచా నా మొహంలోకి ఒకసారి చూసి తల దించుకున్నాడు. సాయంత్రానికి గేటు దగ్గర లేడు.

మర్నాడు దవాఖాన మెట్ల మీద కూర్చుని ఉన్నాను. ఫోను నిండిపోయింది, ఫొటోలు దిగడం లేదు. పాతవి తీసేద్దామని చూస్తుంటే ఆ వీడియో కనబడింది. చూడకుండా తీసేయవలసింది, చేతులు ఊరుకోలేదు. చెవికి ఆనించుకుని పెట్టాను.

ఇంజను చప్పుడు. దాని మీదుగా చాచా గొంతు, బాగానే వినబడుతోంది. "సామ్నె ఒద్దమ్మా. జర బాజుకు జరుగు." యారాలు రెండడుగులు పక్కకు వేసింది. అప్పుడు ఫోనుకు బాగా దగ్గరగా ఒక ఆడగొంతు, నవ్వుతూ అంది. "బాజుకు కాదక్కా, ఎదురుంగ నిలవడు. ఎదురుంగుంటె ఏం గాదు. పిల్లలకు నేను చెప్పేది గదే గదా."

ఎవరీ మనిషి అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. నా గొంతు ఫోనులో నాకెప్పుడూ వేరేగానే ఉంటుంది. వెనక్కి జరిపి మళ్లీ పెట్టాను. ఆ రెండడుగులు వేసిన యారాలు, ఆ మాట వినగానే తిరిగి తన చోటికి వచ్చింది. చదువుకున్న చెల్లెలు చెప్పింది కదా మరి. వచ్చి, చెమట తుడుచుకుంది. తర్వాత టప్పుమని చప్పుడు.

మెట్లెక్కుతున్న ఎవరో ముసలామె "నీళ్లు తాగుతవా బిడ్డా?" అని అడిగింది. తల ఎత్తకుండా మళ్లీ వెనక్కి జరిపాను.

వీడియోను నెమ్మదిగా నడిపించి చూశాను. క్లిప్పు చిన్న చక్రం మీదికి ఎక్కుతూ ఊడింది. అక్కడే ఊడాలి మరి. అంతే వేగంతో పోయే పట్టాను చిన్న చక్రం చుట్టూ వంచాలంటే ఎక్కువ బలంతో గుంజి పట్టాలి. పట్టలేనిది ఏదైనా ఉంటే అక్కడే వదిలేస్తుంది. ఏటా ఆ లెక్క పిల్లలతో చేయిస్తాను. వదిలాక క్లిప్పు నా బోర్డు మీది గీతంత తిన్నగా పోయింది. బయటికి పోలేదు, వంకర పోలేదు. పద్దెనిమిదేళ్లలో నేను చూసిన జవాబులన్నిటిలో సరైనది అదే, దాని కొసన మా యారాలి మొహం ఉంది.

మందుల చీటీ వెనక బొమ్మ గీసుకున్నాను. ఎందుకన్నాను ఆ మాట? ఎక్కడి నుంచి వచ్చింది? బోర్డు మీద సున్నా చుట్టినప్పుడు నా గీత ఎప్పుడూ బోర్డు మీదే పోతుంది. ఎడమకో, కుడికో, పైకో. బోర్డులోంచి లేచి ముందు బెంచీ పిల్లల మీదికి రాదు. సున్నాకు ఎదురుగా కూర్చున్నవాళ్లకు ఏమీ కాదు. నా లెక్కలో ఎదురంటే అది. ఆ రోజు వీడియో తీస్తూ నేను నిలబడ్డదీ అలాంటి చోటే, ఎందుకంటే చక్రం గుండ్రంగా కనబడేది అక్కడినుంచే. కానీ ఇంజనుతో బతికే చాచాకు ఆ చోటు పేరు బాజు. ఆయనకు సామ్నె అంటే పట్టా పరుగెత్తే దారి. యారాలికీ ఎదురంటే అదే. ఊళ్లో ఎవరినడిగినా అదే అంటారు. నేనొక్కదాన్నే వేరే లోకంలో నిలబడి ఎదురన్నాను. పైగా నాన్న మాట కూడా ఒకటి ఒంట్లో ఉంది, బాజుకు నిలవడకు అని. ఆ క్షణాన నాతో అలా అనిపించింది బోర్డా, మగ్గమా, ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ బొమ్మ చూస్తూ కాసేపు ఊరట పడ్డాను కూడా. ఈ సంగతి చెప్పడం కష్టంగా ఉంది, కానీ చెబుతాను. నా ఫిజిక్స్ తప్పు కాదు, మాట ఒక్కటే తప్పు అనుకున్నాను. లోపల మంచం మీద ఆమె కన్ను పోయి పడుకుని ఉంటే, బయట మెట్ల మీద కూర్చుని నాకు నేను మార్కులు వేసుకుంటున్నాను. తెలిసొచ్చాక నామీద నాకు అసహ్యం వేసింది. ఇన్నేళ్లూ కండె ఎటు పోతుందో చెప్పాను. మనిషి ఎక్కడ నిలబడాలో ఒక్క క్లాసులోనూ చెప్పలేదు. చాచాకు లెక్క రాదు, కానీ ఆయనకు తెలిసింది అదే.

అప్పుడే లేచి బావ దగ్గరికి పోయి చెప్పవలసింది. రేపు చెబుదామనుకున్నాను. ఆమె ఇంటికి పోయాక చెబుదామనుకున్నాను. పుండు మానాక అనుకున్నాను. నలభై రోజులు గడిచాయి. రెండు రోజులకోసారి కోరుట్ల నుంచి బస్సెక్కి పోయేదాన్ని. అన్నం కలిపి పెట్టేదాన్ని, కంట్లో మందు వేసేదాన్ని, తల దువ్వేదాన్ని. ఇంత మంచి యారాలు ఎవరికి దొరుకుతుందని చుట్టుపక్కలవాళ్లు నన్ను మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పు వింటూ చెంబు తోముకునేదాన్ని.

ఈలోగా బావ ఊరూరా చెప్పాడు. ఆ ముసలాయన డ్రమ్మును రానివ్వొద్దని, మనిషి నిలబడితే ఒక మాట కూడా చెప్పని నిర్లక్ష్యపు మనిషని. ఒకరోజు కోరుట్లలో, కూరగాయల బండి దగ్గర చాచా ఎదురుపడ్డాడు. "అమ్మ కన్ను ఎట్లున్నది బేటా?" అని అడిగాడు. నెమ్మదిగా ఉందన్నాను. ఆయన పోబోయి ఆగాడు.

"నేను చెప్పింది నీకు వినవడ్డదనుకున్న."

"ఇంజను సప్పుడు గదా చాచా," అన్నాను. ఈసారి తెలిసే అన్నాను.

"ఔను, సప్పుడు మస్తుంటది," అని ఆయనే నన్ను సమర్థించి వెళ్లిపోయాడు. నేను బెండకాయలు ఏరుతూ నిలబడ్డాను. నా అంత నీచమైన మనిషి ఈ బజారులో ఇంకొకరు ఉండరనిపించింది. అలా అనిపించినా ఇంకో వారం ఆగాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం వాకిట్లో బావ, అత్తమ్మ, నేను కూర్చుని ఉన్నాం. బావ మళ్లీ అదే మాట ఎత్తాడు. "పోలీసులకు కాయిదం ఇస్త. గా ముసలోడు ఇంకెవలి కన్ను తియ్యకముందే ఇస్త."

"చాచా చెప్పిండు బావా," అన్నాను. "బాజుకు జరుగుమని చెప్పిండు. అక్క జరిగింది గూడ. ఎదురుంగ నిలవడుమని మళ్ల పిలిచింది నేను."

బావకు అర్థం కాలేదు. "ఎవలు?" అన్నాడు.

"నేను."

ఫోను తీసి ఆయన చేతిలో పెట్టాను. బావ రెండుసార్లు విన్నాడు. మూడోసారి పెట్టబోయి ఆపాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండనుకున్నాను. నన్ను ఎన్నడూ చూడనట్టు చూసి, ఫోను గచ్చు మీద మెల్లగా పెట్టి లేచాడు. బండి తీసి చాచా ఉండే కోరుట్ల దారి పట్టాడు. అత్తమ్మ చేతిలోని చాట అలాగే ఉండిపోయింది.

"మరి గిన్ని దినాలు?" అని మాత్రం అడిగింది.

లోపలికి పోయాను. యారాలు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. వాకిట్లో మాట గదిలోకి వినబడుతుంది. చూపున్న కంటికి కనబడేటట్టు ఆమె ఎడమ వైపున కూర్చున్నాను.

"అక్కా, గట్ల నిలవడుమన్నది నేనే," అన్నాను.

"నాకెరుక లేదా?" అంది. "నా చెవులైతె మంచిగనే ఉన్నయ్ గదా."

ఇన్ని రోజులూ నేను దాచింది ఈమె దగ్గరే కదా అనుకున్నాను. మందు వేసేటప్పుడు ఆ మొహాన్ని నా రెండు చేతులతో పట్టుకునేదాన్ని.

"ఎరుకుంటె మరి నువ్వెందుకు చెప్పలేదక్కా? గా చాచానన్ని మాటలంటుంటె?"

కొంగుతో చెంప తుడుచుకుంది. పోయిన కంట్లోంచి ఇంకా నీళ్లు కారుతూనే ఉంటాయి. గొంతులో కోపం ఏమీ లేదు.

"నేను చెప్తె నీ మీద వెట్టినట్టయితది. నువ్వే చెప్తవని చూసిన. దవాఖానల చూసిన, ఇంటికొచ్చినంక చూసిన. నువ్వు వచ్చుడు, అన్నం పెట్టుడు, మందేసుడు, పోవుడు. గీ ఉన్న ఒక్క కన్నుతోని రోజు నీ మొకమే చూసిన. చూసి చూసి, చెల్లె ఇగ చెప్పదని నిన్ననే చూసుడు ఇడిసిపెట్టిన."